పెట్రోలు ఆవిరి పట్టే ఆ నల్ల డబ్బా పీకేయాలా, వద్దా?



ఈసారి వరి గురించి కాదు, బండి గురించి రాస్తున్నా. అయితే చివరికి వరి దగ్గరికే వస్తుంది, కాస్త ఓపికగా చదవండి.

మన పల్లెల్లో ఇప్పుడు పాత కార్లు ఎక్కువైనాయి. పట్నం వాళ్లు వాడి వదిలేసిన మారుతి 800, ఓమ్ని, జెన్ లాంటివి ముప్పై నలభై వేలకు దొరికితే మనం తెచ్చుకుంటున్నాం. నాదీ అట్టాంటిదే, 2007 మోడల్ మారుతి 800. మారుతి 800 మొదటి బండి 1983 డిసెంబరులో బయటికొచ్చింది, 2014 జనవరితో తయారీ ఆపేశారు. అంటే ఇప్పుడిది మ్యూజియం సరుకు కింద లెక్క. కానీ మా ఊళ్లో రాత్రి పూట ఎవరికన్నా నొప్పులొచ్చినా, పాము కరిచినా సూళ్లూరుపేట ఆస్పత్రికి పోయేది ఈ బండే. అందుకని దీని ఆరోగ్యం నా ఒక్కడి గొడవ కాదు.

పోయిన ఎండాకాలం పొద్దున్నే కొట్టం తలుపు తీస్తే గుప్పున పెట్రోలు వాసన. కింద చూస్తే ఒక్క చుక్క కారలేదు. ట్యాంకు తడి లేదు. కొట్టానికి ఆనుకొనే మా గడ్డివామి, దానికి ఇటు పక్క వంటిల్లు. మా ఆవిడ "గడ్డివామి పక్కన ఈ వాసనేంది, ముందు ఆ బండిని బయటికి తియ్యండి" అనింది. స్టార్టు చెయ్యకుండా ఇద్దరం తోసి చింతచెట్టు కింద పెట్టినాం. ఆ రోజు నుంచి వాసన తెగేదాకా అది అక్కడే ఉంది.

మెకానిక్ దగ్గరికి తీసుకుపోతే బానెట్ ఎత్తి చూశాడు. ఒక నల్ల ప్లాస్టిక్ డబ్బా, దానికి మూడు గొట్టాలు. "అన్నా, ఇది పొల్యూషన్ వాళ్ల కోసం పెట్టింది. దీంతో మనకు పనిలేదు. పీకేసి గొట్టాలకు బిరడాలు కొడతా. వాసనా పోతది, మైలేజీ కూడా వస్తది" అన్నాడు. రెండు వందలు అడిగాడు. ఈ మాట మీలో చాలామంది విని ఉంటారు. కార్ల వాళ్లే కాదు, బైకుల వాళ్లు కూడా. 2017 ఏప్రిల్ నుంచి బీఎస్-4 బైకులు వచ్చాక వాటికీ ఇట్టాంటి చిన్న డబ్బా వస్తోంది. దాన్ని కూడా పీకేసి షాపు మూల పడేసేవాళ్లు ఉన్నారు.

నేను "రెండు రోజులాగు, అది ఏం పని చేస్తదో తెలుసుకొని వస్తా" అని చెప్పి ఇంటికొచ్చినా. ఒక పనిముట్టును తీసేసే ముందు అది ఎందుకున్నదో తెలియాలి కదా. చేలో గట్టు కొట్టే ముందు నీళ్లు ఎటు పోతాయో చూడమా?

తెలుసుకున్నది ఇది.

పెట్రోలు అంటే ఒకే ద్రవం కాదు, తేలికవీ బరువువీ కలిసిన కలగలుపు. అందులో తేలిక భాగాలు ముప్పై అయిదు, నలభై డిగ్రీలకే మరగడం మొదలెడతాయి. మన పక్క మే నెలలో నీడలోనే నలభై దాటుతుంది. అంటే బండి కదలకుండా నిలబడి ఉన్నా ట్యాంకులో ఆవిరి పుడుతూనే ఉంటుంది. దాన్ని బయటికి వదలకపోతే ట్యాంకు ఉబ్బుతుంది. వదిలితే గాలిలో కలుస్తుంది. పాత అంబాసిడర్లలో నేరుగా గాలిలోకే వదిలేవాళ్లు. పాత బండి ఎక్కితే పెట్రోలు వాసన కొట్టేదంటే సగం కారణం అదే.

ఆ ఆవిరిని పట్టడానికే ఈ డబ్బా. లోపల ఉండేది బొగ్గు. మన పొయ్యి బొగ్గు కాదు, కట్టెనో కొబ్బరి చిప్పలనో ప్రత్యేకంగా కాల్చి, కంటికి కనపడనన్ని రంధ్రాలు పడేటట్టు చేసిన బొగ్గు. అట్టాంటి బొగ్గు ఒక్క గ్రాములో లోపలి రంధ్రాల గోడలన్నీ పరిస్తే దాదాపు వెయ్యి చదరపు మీటర్లు వస్తుందంట. ఒక ఎకరం అంటే 4,047 చదరపు మీటర్లు. నేను లెక్కేసుకున్నా, నాకున్న రెండున్నర ఎకరాలు పది గ్రాముల బొగ్గులో ఇమిడిపోతాయి! బండి నిలబడినప్పుడు ట్యాంకు ఆవిరి వచ్చి ఈ బొగ్గుకు అంటుకుంటుంది. ఇంజను వేడెక్కి నడిచేటప్పుడు ఒక చిన్న వాల్వు తెరుచుకొని, ఆ ఆవిరిని ఇంజను లోపలికి లాక్కొని కాల్చేస్తుంది. డబ్బాకున్న మూడో గొట్టం బయటి గాలి కోసం.

అంటే ఆ ఆవిరి మనం డబ్బు పెట్టి కొన్న పెట్రోలే. డబ్బా ఉంటే అది తిరిగి ఇంజనుకు పోతుంది. పీకేస్తే గాలికి పోతుంది. మైలేజీ ఎక్కడినుంచి పెరుగుతుందో మీరే చెప్పండి. ప్రభుత్వ నిబంధన ప్రకారం కారును మూసిన గదిలో పెట్టి కొలిస్తే, మొత్తం బండి నుంచి వచ్చే ఆవిరి ఒక పరీక్షకు 2 గ్రాములు దాటకూడదు. డబ్బా లేకపోతే దానికి ఎన్నో రెట్లు పోతుంది.

గొట్టాలకు బిరడాలు కొడితే ఇంకో కథ. ఆవిరికి దారి ఉండదు. ఎండకు ట్యాంకులో ఒత్తిడి పెరుగుతుంది, బంకులో మూత తిప్పగానే పెట్రోలు ఆవిరి ముఖాన కొడుతుంది. రాత్రి చల్లబడితే ట్యాంకు లోపలికి గాలి పోదు, పంపు పెట్రోలు లాగలేక బండి దారిలో ఆగుతుంది. బిరడా కొట్టకుండా గొట్టం వదిలేస్తే అంతకన్నా ప్రమాదం. పెట్రోలు ఆవిరి గాలికన్నా మూడు నాలుగు రెట్లు బరువు. పైకి పోదు, నేలబారున పాకుతుంది. గాలిలో నూటికి ఒకటిన్నర పాళ్లు కలిస్తే చాలు, చిన్న నిప్పురవ్వకు అంటుకుంటుంది. కొట్టం పక్కన గడ్డివామి, దాని పక్కన పొయ్యి ఉన్న ఇంట్లో ఇది ఆలోచించాల్సిన మాట.

"ఇంత చిన్న వాల్వుకు ఇంత రాద్ధాంతమా" అని మా తమ్ముడు నవ్వాడు. వాడికి మన కళ్ల ముందు జరిగిందే గుర్తు చేసినా. 2021 ఆగస్టు 12, తెల్లవారి 5:43కి మన శ్రీహరికోటలో జీఎస్ఎల్‌వీ-ఎఫ్10 లేచింది. ఆ వెలుగు మా మిద్దె మీది నుంచి చూసినోళ్లమే. మొదటి రెండు దశలు బాగానే పనిచేసినాయి. పైనున్న క్రయోజెనిక్ దశ అంటుకోలేదు. ఈఓఎస్-03 ఉపగ్రహం పోయింది. తర్వాత ఇస్రో కమిటీ విచారించి చెప్పిందేందంటే, ద్రవ హైడ్రోజన్ ట్యాంకు మీదుండే ఆవిరి వదిలే వాల్వు లీకైంది, దాంతో ట్యాంకులో ఉండాల్సిన ఒత్తిడి లేకుండా పోయింది అని. ద్రవ హైడ్రోజన్ సున్నాకు కింద 253 డిగ్రీల చలిలో ఉంటుంది, అది కూడా ఆవిరయ్యేదే. దాని ఆవిరిని ఎప్పుడు వదలాలి, ఎప్పుడు పట్టి ఉంచాలి అనేదే ఆ వాల్వు పని. వాల్వును సరిచేసుకొని 2023 మే 29న జీఎస్ఎల్‌వీ-ఎఫ్12ను ఇక్కడి నుంచే విజయవంతంగా పంపారు. లీకైందని వాళ్లు వాల్వునే పీకేయలేదు. ఎందుకు లీకైందో కనుక్కొని బాగుచేశారు. నా బండికీ నేను చెయ్యాల్సింది అదే అనిపించింది.

ఇప్పుడు వరి దగ్గరికి వస్తా. ఈ డబ్బా అసలు ఎందుకు పుట్టిందో చదివితే ఆశ్చర్యపోయినా. 1940లలో అమెరికాలో లాస్ ఏంజిల్స్ పక్కన కూరగాయల రైతుల చేలల్లో పాలకూర, బీటు, లెట్యూస్ ఆకులు వెండి పూసినట్టు మెరిసి చెడిపోతున్నాయి. తెగులు కాదు, పురుగు కాదు. కాల్టెక్ అనే విద్యాసంస్థలో ఆరీ హాగెన్-స్మిట్ అని ఒక శాస్త్రవేత్త ఉండేవాడు. ఆయన అప్పుడు చేస్తున్న పని అనాస పండుకు ఆ రుచి ఎక్కడి నుంచి వస్తదో తేల్చడం. ఆయన ఊరి గాలిని పట్టి పరీక్ష చేసి తేల్చిందేందంటే, పెట్రోలు ఆవిరి, పొగలోని నైట్రోజన్ వాయువులు, ఎండ ఈ మూడూ కలిస్తే ఓజోను పుడుతుంది అని. ఆకాశం పైన ఉండే ఓజోను మనల్ని కాపాడుతుంది. నేల మీద పుట్టే ఓజోను ఆకు రంధ్రాల గుండా లోపలికి పోయి పచ్చదనాన్ని తింటుంది, దిగుబడి తగ్గిస్తుంది. గోధుమ, సోయా, వేరుశనగ, వరి అన్నిటికీ దీని దెబ్బ ఉంది. ఆ తర్వాతే 1970లో కాలిఫోర్నియాలో, 1971లో అమెరికా అంతటా కొత్త కార్లకు ఆవిరి పట్టే ఏర్పాటు తప్పనిసరి చేశారు.

మన పక్క ఎండకు కొదవలేదు. చెన్నై హైవే మీద రాత్రీ పగలూ లారీల పొగ. తడ, శ్రీసిటీ దాకా ఫ్యాక్టరీలు. అందులోకి మన బండి ఆవిరి కూడా వదలడం దేనికి? నా ఒక్క 800తో పంట పోతుందని నేను చెప్పడంలేదు. కానీ ఊరికి ఇరవై కార్లు, మూడొందల బైకులు ఉన్నప్పుడు ప్రతివాడూ "నా ఒక్కడితో ఏమైతది" అంటే ఎట్టా? ఎగువ రైతు "నా ఒక్క తూముతో ఏమైతది" అంటే కింద మడి వాడికి ఎట్టుంటదో మనకు తెలియంది కాదు.

పొల్యూషన్ సర్టిఫికెట్ ఉందిగా అంటారు. ఆ పరీక్షలో సైలెన్సర్‌లో గొట్టం పెట్టి పొగనే కొలుస్తారు. ట్యాంకు ఆవిరిని కొలవరు. డబ్బా పీకినా సర్టిఫికెట్ వస్తుంది. అందుకే దీన్ని ఎవరూ పట్టించుకోరు, మనమే చూసుకోవాలి.

మరి నా బండిలో రోగమేంది? మూడో రోజు పోయి మెకానిక్‌తో "పీకొద్దు, ముందు గొట్టాలు చివరి వరకు చూద్దాం" అన్నా. బండి పైకెత్తి చూస్తే, ట్యాంకు నుంచి డబ్బాకు వచ్చే రబ్బరు గొట్టం వంపు దగ్గర పగిలింది. పద్దెనిమిదేళ్ల రబ్బరు, ఇంకేముంటది. డబ్బాకు గాలి పోయే గొట్టం మూతిలో కందిరీగ మట్టిగూడు కట్టింది! పెట్రోలుకు తట్టుకునే కొత్త గొట్టం, క్లిప్పులు, కూలీ కలిపి ఆరు వందల లోపే అయింది. డబ్బా ఊపి చూస్తే లోపల పెట్రోలు చప్పుడు లేదు, బొగ్గు రాలలేదు. వాల్వు కూడా బాగుంది. వాసన ఆ రోజుతో పోయింది. వారం రోజులు పొద్దున్నే పోయి చూసి, తర్వాతే బండిని కొట్టంలోకి తెచ్చినా. మెకానిక్ కూడా మంచోడే, "ఇకమీద గొట్టం చూసినాకే డబ్బా జోలికి పోతా అన్నా" అన్నాడు.

మీకు పనికొచ్చే నాలుగు మాటలు:

బంకులో గన్ను దానంతట అది ఆగిపోయాక "ఇంకో యాభై కొట్టు" అనకండి. ఎక్కువైన పెట్రోలు ఆవిరి గొట్టంలోకి ఎక్కి బొగ్గును తడిపేస్తుంది. తడిసిన బొగ్గు మళ్లీ పనికిరాకపోవచ్చు.

పెట్రోలు పోయించిన వెంటనే స్టార్టు కాకుండా సతాయిస్తే, నిలకడ మీద ఇంజను ఎగిరెగిరి పడితే డబ్బా వాల్వు తెరుచుకొని ఇరుక్కుందేమో చూపించండి. ఇంజను ఆపి ఉన్నప్పుడు ఆ వాల్వులో నోటితో ఊదితే గాలి పోకూడదు.

ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. మన చెరకు, మొక్కజొన్న, నూకలతో చేసేదే కాబట్టి రైతుగా నాకు సంతోషమే. కానీ దానికి తగిన భాగాలతో బండ్లు రావడం 2023 ఏప్రిల్ నుంచి మొదలైంది. పాత బండ్ల రబ్బరు గొట్టాలు దీనికి తొందరగా పాడవుతాయి. అందుకని ఏడాదికోసారి గొట్టాలన్నీ వేలితో వంచి చూడండి, పగుళ్లుంటే మార్చండి.

వాసన వస్తే దీపం, బీడీ, స్విచ్చి దేని జోలికీ పోకండి. బండిని తోసి ఆరుబయట పెట్టండి. గడ్డివామి దగ్గర అసలు పెట్టకండి.

నా బండికి పదిహేనేళ్లు నిండాక అయిదేళ్లకు రిజిస్ట్రేషన్ పొడిగించుకున్నా. 2027లో మళ్లీ చూపించాలి. అప్పుడు పాస్ అవుతుందో లేదో చూద్దాం. అప్పటిదాకా ఊరి అవసరానికి తిరుగుతుంది, ఆ డబ్బా దాని చోట అది ఉంటుంది.

మీ బండిలో డబ్బా ఉందో లేదో ఈ సాయంత్రం బానెట్ ఎత్తి చూడండి. బైకు అయితే ట్యాంకు నుంచి వచ్చే సన్న గొట్టం వెంబడే పోయి చూడండి. ఎవరన్నా పీకేసి ఉంటే పాత సామాన్ల షాపుల్లో దొరుకుతాయి, బిగించుకోండి.

ఉంటా మరి. నారుమడికి నీళ్లు పెట్టాలి.