మరొక ప్రతి

గత వేసవిలో నా లాప్‌టాప్ తెర మీద నిలువు గీతలు పడసాగాయి. కడపలో మరమ్మతు దుకాణం నడిపే యువకుడు దానిని అటూ ఇటూ తిప్పి చూచి, లోపం మదర్‌బోర్డులో ఉన్నదనీ, హైదరాబాదుకు పంపవలసి ఉంటుందనీ, పది పన్నెండు రోజులు పట్టవచ్చుననీ చెప్పాడు. ఆపైన, “సార్, లోపల ఉన్నదంతా బ్యాకప్ తీసుకొని రేపు తెచ్చివ్వండి. డేటా పోతే మా పూచీ లేదు” అన్నాడు. ఆ మాటలో కాఠిన్యమేమీ లేదు. రసీదు వెనుక అచ్చు వేసి ఉన్న నిబంధననే అతడు నోటితో చెప్పాడు. మరమ్మతు చేసేవాడు యంత్రానికి జవాబుదారీ గాని, అందులోని వ్రాతకు కాడు. ఆలోచిస్తే అందులో న్యాయం ఉంది.

‘బ్యాకప్’ అనే మాట కొత్తది. పని మాత్రం చాలా పాతది. ప్రాచీన సాహిత్యంతో పరిచయమున్న వారు దానిని ‘ప్రతి తీయడం’ అంటారు. తాటాకు మన వేడికీ, తేమకూ ఎల్లకాలం నిలువదు. పురుగు తొలుస్తుంది, అంచులు పెళుసెక్కి రాలిపోతాయి. అందుచేత ఒక గ్రంథం శిథిలం కాకమునుపే లేఖకుడు గంటం పట్టి కొత్త ఆకుల మీద దానిని తిరిగి వ్రాసేవాడు. నన్నయ, తిక్కనల స్వహస్తలిఖితాలు మనకు దక్కలేదు. మనం చదువుతున్న భారతం ప్రతులకు ప్రతులుగా మన దాకా నడిచి వచ్చినదే. కొందరు లేఖకులు గ్రంథం చివర ఒక వేడికోలు కూడా వ్రాసేవారు. పుస్తకాన్ని నూనె నుండి, నీటి నుండి, వదులైన కట్టు నుండి కాపాడమనీ, మూర్ఖుని చేతికి మాత్రం ఇవ్వవద్దనీ దాని సారాంశం. మా దుకాణం యువకుడు బుద్ధిమంతుడే గనుక, ఆ చివరి మాట అతనికి వర్తించదు.

1820లో ఉద్యోగరీత్యా మా కడపకు వచ్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ ఈ పనినే పెద్ద ఎత్తున చేయించాడు. ఇక్కడ బంగళా కొని, సొంత సొమ్ముతో పండితులనూ లేఖకులనూ పోషించి, శిథిలమవుతున్న తాళపత్రాలకు కాగితపు ప్రతులు వ్రాయించాడు. జూలూరి అప్పయ్య వంటి పండితులు ఆయన వద్ద పనిచేశారు. ఆయన ఒక్క ప్రతితో తృప్తిపడలేదన్నది మనం గమనింపదగిన విషయం. ఒకే కావ్యానికి పలుచోట్ల నుండి ప్రతులు తెప్పించి, ఒకదానితో ఒకటి సరిచూపించి, పాఠభేదాలను గుర్తింపజేసి, ఆ తరువాతనే శుద్ధప్రతిని సిద్ధం చేయించేవాడు. ఆ సంపుటాలలో అనేకం ఇప్పటికీ చెన్నైలోని ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో ఉన్నాయి. వ్రాసినది చదివి చూచేదాకా ప్రతి పూర్తి కాదని ఆయనకు బాగా తెలుసు.

ఆ రాత్రి భోజనానంతరం నేను లాప్‌టాప్ ముందు కూర్చున్నాను. మొత్తం సమాచారం 180 జీబీ ఉంది. తెర పూర్తిగా ఆరిపోతే పని సాగదు గనుక ఏది ముందు, ఏది వెనుక అన్న ప్రశ్న వచ్చింది. ముద్రిత గ్రంథాల స్కానింగు ప్రతులే అందులో అధికభాగం. అవి పోయినా మళ్ళీ ఎక్కడైనా దొరుకుతాయి. సాఫ్ట్‌వేరు సంగతీ అంతే. లోకంలో మరెక్కడా లేనివి ఏవని వెదికితే తేలినవి తొమ్మిది జీబీలు మాత్రమే. పాఠాల కోసం ముప్పై ఏళ్ళుగా వ్రాసుకున్న టిప్పణులు, మా ఇంటివారి ఛాయాచిత్రాలు కొన్ని, నా పరిశోధన గ్రంథం, ఒక తోలుబొమ్మలాట కళాకారుని గానం. వాటినే మొదట ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కులోకి ఎక్కించాను.

పరిశోధన గ్రంథం గురించి కొంచెం వివరంగా చెప్పాలి. 1999లో దానిని ఒక డి.టి.పి. కేంద్రంలో టైపు చేయించాను. ఫ్లాపీలో పుట్టి, సీడీలోకి, పెన్ డ్రైవులోకి, ఆపైన లాప్‌టాప్‌లోకి వలస వచ్చింది. ఆనాటి తెలుగు ఫాంట్లలో ఇంగ్లీషు అక్షరాలకు కేటాయించిన స్థానాలలో మన అక్షరాల ముక్కలను అమర్చేవారు. ఆ ఫాంటు లేని కంప్యూటరులో ఫైలు తెరిస్తే, పద్యం ఉండవలసిన చోట అర్థంలేని ఇంగ్లీషు అక్షరాల గుంపు కనిపిస్తుంది. ఫైలు ఉంది, చదువు లేదు! లిపి మరచిపోయిన జాతి చేతిలోని శాసనం వంటిది అది. 1991లో వెలువడిన యూనికోడు తెలుగుకు సొంత స్థానాలు ఇచ్చింది. అందులో ‘అ’కు 3077 అనే సంఖ్య ఏ దేశంలోనైనా ‘అ’కే చెందుతుంది. నా గ్రంథాన్ని 2008లో యూనికోడులోకి మార్చుకున్నాను. అయితే మార్చే సాఫ్ట్‌వేరు కూడా ఒక లేఖకుడే. అరసున్నలను, బండి ఱలను అది కొన్నిచోట్ల మింగివేసింది. కనుక పాత ఫైలునూ, దాని ఫాంటునూ, కొత్త ఫైలునూ మూడింటినీ కలిపి ఒకే చోట భద్రపరిచాను. పాఠాంతరం తేల్చుకోవలసి వస్తే మూలం దగ్గర ఉండాలి కదా!

డిస్కును మా అమ్మాయి కంప్యూటరుకు తగిలించి ఫైళ్ళను ఒక్కొక్కటిగా తెరిచి చూచాను. విసుగు పుట్టించే పనే. కాని మా విద్యార్థి ఒకడు డెస్క్‌టాప్ మీది షార్ట్‌కట్‌లను పెన్ డ్రైవులో వేసుకొని, ప్రాజెక్టు అంతా భద్రంగా ఉందని నమ్మి, సమర్పించవలసిన రోజున దిగాలుపడి నిలబడడం నేను చూచాను. షార్ట్‌కట్ దారి చూపుతుందే గాని, ఇల్లు కాదు. ఇక మార్కుల జాబితాలు పరాయివారి చేతికి పోరాదు గనుక లాప్‌టాప్ నుండి తీసివేయించాను. మామూలుగా తొలగించిన ఫైలును నేర్పరి తిరిగి రప్పించగలడని విని, ఆ పనిని కళాశాల కంప్యూటరు అధ్యాపకునికి అప్పగించాను. మదర్‌బోర్డు మారితే కొన్ని విండోస్ యంత్రాలు 48 అంకెల రికవరీ కీ అడుగుతాయని కూడా ఆయనే హెచ్చరించారు. దానిని కాగితం మీద వ్రాసి బీరువాలో పెట్టాను.

మూడు ప్రతులు ఉండాలనీ, అవి రెండు రకాల సాధనాలపై ఉండాలనీ, ఒకటి వేరే ఊరిలో ఉండాలనీ కంప్యూటరు నిపుణులు చెబుతారు. తాళ్లపాక వారి సంకీర్తనలను రాగిరేకుల మీద చెక్కించి తిరుమల ఆలయంలో ఉంచిన వారికి ఈ సూత్రం ఎవరు చెప్పారో! అన్నమయ్య 32,000 సంకీర్తనలు రచించాడని ప్రతీతి. నేడు మనకు దక్కినవి ఆ రేకుల పుణ్యమే.

నా తొమ్మిది జీబీలలో అన్నిటికన్నా దిగులు కలిగించినది ఆ తోలుబొమ్మలాట గానం. తోలుబొమ్మలాట వారు రంగనాథ రామాయణ ద్విపదను ఎలా పాడతారో తెలుసుకోవాలని, పరిశోధన రోజులలో ప్రొద్దుటూరు సమీపంలోని పల్లెకు వెళ్ళి, ఒక వృద్ధుని గొంతును క్యాసెట్టులో నమోదు చేశాను. 42 నిమిషాల పాట. ఆయన ఇప్పుడు లేడు. క్యాసెట్టు నాడా బూజుపట్టి తెగిపోయింది. దాని అట్ట మీద మద్దెల వాయించిన వారి పేరున్న చోట సిరా చెరిగిపోయింది. మిగిలినది కంప్యూటరులోకి ఎక్కించిన ఆ ఒక్క ఫైలే. ఒక ప్రతిని డిస్కులో, ఒక ప్రతిని క్లౌడులో ఉంచాను. వేరే ఊరి ప్రతిని ఎవరి వద్ద ఉంచాలన్న ప్రశ్న రాగానే ఆ వృద్ధుని మనుమడు గుర్తుకు వచ్చాడు. ప్రొద్దుటూరులో ఆటో నడుపుతున్నాడు. ఫోను నంబరు సంపాదించి పాటను పంపించాను.

లాప్‌టాప్ ఇంకా హైదరాబాదులో ఉండగానే, మూడవనాటి రాత్రి అతడు ఫోను చేశాడు. “సార్, మా జేజినాయన గొంతు నేను పుట్టినాక వినిందే లేదు. మా అవ్వకు వినిపించినాను. ఆ మద్దెల వాయించింది మా నాయనంట సార్” అన్నాడు. తండ్రి పేరు చెప్పమని అడిగి, ఆ రాత్రే మూడు ప్రతులలోనూ చేర్చాను.