అద్దం మీద పచ్చటి పాచి

ఇల్లు ఎంత శుభ్రంగా ఉంచుకున్నా, వచ్చినవాళ్ళ కళ్ళు సరిగ్గా మురికి ఉన్నచోటే పడతాయి. అవునంటారా, కాదంటారా? మా ఇంట్లో ఆ చోటు హాల్లో ఉన్న అక్వేరియం!

నాలుగేళ్ళ క్రితం మా అత్తయ్యగారు పోయాక, మామయ్యగార్ని కైకలూరు దగ్గర మా ఊర్నుంచి విజయవాడ తీసుకొచ్చేశాం. జీవితమంతా చేపల చెరువులు చూసుకున్న మనిషి. మూడో అంతస్తు ఫ్లాట్‌లో టీవీ ముందు కూర్చోబెడితే ఆయనకేం తోస్తుంది? అందుకని మావారు రెండడుగుల గాజుతొట్టె, ఆరు మోలీలు, నాలుగు గప్పీలు కొనుక్కొచ్చారు. "నా చెరువు ఇంతైపోయిందర్రా!" అని నవ్వారు మామయ్యగారు. ఆ రోజునుంచీ మేత వెయ్యడం ఆయన వంతు. తొట్టె కడగడం మాత్రం, చెప్పేదేముంది, నా వంతు!

మూడేళ్ళు ఏ పేచీ లేకుండా గడిచింది. కిందటేడు ఎండలు మొదలయ్యేసరికి అద్దం మీద పచ్చగా పాచి కట్టడం మొదలైంది. తుడిస్తే పోయేది, నాలుగు రోజులకి మళ్ళీ ప్రత్యక్షం. చివరికి చేపలు కూడా మసగ్గా కనిపించేంత చిక్కగా పట్టింది. ఓ శనివారం పొద్దున్నే కొంగు బిగించాను. చేపల్ని బకెట్లో వేసి, నీళ్ళన్నీ పారబోసి, గిన్నెలు తోమే సబ్బూ పీచూ పెట్టి అద్దాలు తళతళలాడేలా తోమేశాను. గులకరాళ్ళూ, ఫిల్టర్లో స్పాంజీ పంపు కింద పెట్టి పిండేశాను. పంపునీళ్ళు నింపి చేపల్ని వదిలి, ఎంత బాగుందో అని మురిసిపోయాను.

మర్నాడు పొద్దున లేచి చూస్తే మూడు మోలీలు వెల్లకిలా తేలున్నాయి.

మామయ్యగారు తొట్టె ముందు నిలబడి, "చెరువంతా తోడేసి కడుగుతారా అమ్మాయ్ ఎవరైనా?" అన్నారు. కోపంగా కాదు, నెమ్మదిగానే. అందుకే ఇంకా బాధేసింది.

నా పొరపాటు మీరు చెయ్యకూడదని చెబుతున్నాను, వినండి. తొట్టెకి సబ్బు తగలనే కూడదు. ఎంత కడిగినా ఆ జిడ్డు కాస్తయినా మిగులుతుంది, చేపకి అది విషం. పంపునీళ్ళలో క్లోరిన్ ఉంటుంది, అదీ చేపకి పడదు. అన్నిటికంటే పెద్ద తప్పు స్పాంజీని పంపు కింద పిండటం. చేపల మలమూత్రాల వల్ల నీళ్ళలో అమ్మోనియా చేరుతుంది. దాన్ని విరిచే మంచి బాక్టీరియా ఆ స్పాంజీలోనూ, గులకరాళ్ళ మీదా ఉంటుంది. పెరుగుకి తోడు ఎలాగో, తొట్టెకి అది అలాగ. నేను తోడు గిన్నె కూడా కడిగేశానన్నమాట!

సరే, బుద్ధి తెచ్చుకుని పద్ధతిగా మొదలుపెట్టాను. వారానికోసారి పావువంతు నీళ్ళు మాత్రమే మార్చడం. మా తొట్టెకి అది ఒక బకెట్. ఆ బకెట్ ముందురోజే పట్టి నిలవ ఉంచుతాను, పైగా షాపులో అమ్మే క్లోరిన్ విరుగుడు చుక్కలు నాలుగు వేస్తాను. స్పాంజీని తొట్టెలోంచి తీసిన నీళ్ళలోనే జాడిస్తాను. ఆ పాతనీళ్ళు బాల్కనీలో కరివేపాకు మొక్కకి పోస్తే ఎంత గుబురుగా పెరిగిందో!

అద్దం తుడవడానికి సబ్బు ఎరగని కొత్త స్పాంజీ ఒకటి విడిగా పెట్టుకున్నాను. గట్టి మచ్చలకి గడువు తీరిపోయిన ఏటీఎం కార్డు అంచుతో గీకితే చక్కగా వస్తుంది. అప్పటికీ కదలకపోతే కొత్త బ్లేడు ఏటవాలుగా పట్టుకుని గీకాలి. అదీ గాజుతొట్టెకే, ప్లాస్టిక్ తొట్టెకి గీతలు పడతాయి. మూలల్లో అతికించిన బంకకి బ్లేడు తగలనివ్వకండి, నీళ్ళు కారతాయి. ఇనపపీచు అసలే వద్దు. చెయ్యి నీళ్ళలో పెట్టేముందు మోటారూ లైటూ ప్లగ్గులు తీసెయ్యడం మర్చిపోకండి.

ఇంత చేసినా పదిరోజులకి పాచి మళ్ళీ వచ్చింది!

అప్పుడు ఆలోచించాను. మేడ మీద నీళ్ళ ట్యాంకుకి మూత లేకపోతే పాచి పడుతుంది, మూత పెడితే పట్టదు. అంటే దానికి వెలుగు కావాలి. మా తొట్టె తూర్పు కిటికీ పక్కనే ఉంది, పొద్దుటి ఎండ దాని మీదే పడుతోంది. దాన్ని ఎదుటి గోడకి మార్చాం. రాత్రి పదకొండు దాకా వెలిగే లైటుని రోజుకి ఏడు గంటలకి తగ్గించాం. కొంత తగ్గింది, పూర్తిగా పోలేదు.

షాపతను "సక్కర్ చేప వేసుకోండమ్మా, అద్దం నాకేస్తుంది" అన్నాడు. మామయ్యగారు ససేమిరా ఒప్పుకోలేదు. అది అడుగు దాటి పెరుగుతుందట. పెంచలేక జనం కాలవల్లో వదిలేస్తే, చెరువుల్లో చేరి ఒంటి మీది ముళ్ళతో వలలు చింపేస్తోందనీ, మావైపు దాన్ని దెయ్యం చేప అంటారనీ చెప్పారు. కనక మీరూ ఆ పని చెయ్యకండి.

వెలుగు ఒక్కటే చాలదు, పాచికి తిండీ కావాలి. దాని తిండి చేపలు తినగా మిగిలి కుళ్ళిన మేత, చేపల మలం. ఆ మాట తట్టగానే మేత డబ్బా తీసి చూశాను. మూడు నెలలు రావాల్సిన డబ్బా మూడు వారాలకే అడుగంటింది. మావాడి అల్లరే అనుకుని వాడి మీద కేకలేశాను. వాడు "నేను కాదమ్మా, తాతగారే" అన్నాడు.

ఆ మధ్యాహ్నం వంటింటి గుమ్మంలోంచి చూశాను. ఒంటిగంటకి మామయ్యగారు చిటికెడు మేత వేశారు. రెండింటికి మళ్ళీ వేశారు. రెండున్నరకి మళ్ళీ డబ్బా తీస్తూ, నన్ను చూసి, "పొద్దుట్నుంచీ వీటికేమీ వెయ్యలేదమ్మాయ్, పాపం" అన్నారు.

నా కాళ్ళూ చేతులూ చల్లబడ్డాయి. చెరువు మీద చిల్లుల సంచుల్లో తవుడు కట్టించేటప్పుడు పాలేర్లని ఆయన ఎలా కోప్పడేవారో మావారు కథలుకథలుగా చెబుతారు. "చేప చాలని చెప్పదు, వేసేవాడికే లెక్క ఉండాలి" అనేవారట. ఆ మనిషికి లెక్క తప్పుతోంది! గబగబా వెళ్ళి ఆయన బీపీ మాత్రల అట్ట చూశాను. ఉండాల్సినదానికంటే నాలుగు మాత్రలు తక్కువున్నాయి.

ఆ వారమే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. పరీక్షలు చేసి, మతిమరుపు జబ్బు తొలిమెట్టులో ఉందన్నారు, మందులు రాశారు. అద్దం మీద పాచి నాలుగు నెలల్నుంచీ చెబుతున్న సంగతి, రోజూ ఆయనకి అన్నం వడ్డించే నాకు కనబడలేదు.

వస్తూ వస్తూ వారానికి ఏడు గదులుండే మాత్రల డబ్బాలు రెండు కొన్నాను. ఒకటి ఆయన మాత్రలకి, ఇంకోటి చేపల మేతకి. చేపలు రెండు నిమిషాల్లో తినగలిగినంతే ఒక్కో గదిలో పోశాను. ఆదివారం గది ఖాళీ, ఆ రోజు చేపలకి ఉపవాసం. ఆరోగ్యంగా ఉన్న పెద్ద చేపలకి ఒకపూట, ఒకరోజు పస్తు ఏమీ చెయ్యదు. "డబ్బాకి చీమలు పడుతున్నాయి మామయ్యగారూ, అందుకని ఇందులో పెట్టాను" అన్నాను.

ఆయన ఆ గదులకేసి చాలాసేపు చూశారు. "నేను మర్చిపోతున్నానా అమ్మాయ్?" అన్నారు.

అబద్ధం నోటిదాకా వచ్చి ఆగిపోయింది. "అప్పుడప్పుడూ" అన్నాను.

"మంచి పని చేశావు. చేప చాలని చెప్పదు" అన్నారు. మిగతా సగం మాట అనలేదు.

మేత డబ్బా ఆయన చేతుల్లోంచి లాగేసుకోవడం నాకు ఒక్క నిమిషం పని. కానీ ఆ తొట్టె ముందు నిలబడటానికే గదా ఆయన పొద్దున్నే లేచేది! ఇప్పుడు గది ఖాళీగా ఉంటే మేత వేసినట్టే. ఎవరూ గుర్తు చెయ్యక్కర్లేదు, కసురుకోనక్కర్లేదు. నెలా రెండు నెలల్లో పాచి చాలామటుకు తగ్గిపోయింది. ముందు అద్దం ఆదివారం మామయ్యగారే అయస్కాంతం బ్రష్షుతో తుడుస్తారు. ఇసక రేణువు ఇరుక్కుంటే గీత పడుతుంది కనక, బ్రష్షు కడిగి నేనే అందిస్తాను. వెనక అద్దం మీద పల్చటి పాచి అలా వదిలేశాం. అది చేపలకేం చెడు చెయ్యదు, పైగా మోలీలు కొరుక్కు తింటాయి.

మీ ఇంట్లోనూ తుడిచినకొద్దీ వచ్చే మరక ఏదైనా ఉంటే, తుడిచే ముందు ఒక్కసారి అది ఎందుకొస్తోందో చూడండి. పెద్దవాళ్ళున్న ఇల్లయితే మాత్రల అట్టలు కూడా వారానికోసారి లెక్కపెట్టండి. కిందటివారం మామయ్యగారు నా పేరు తడుముకున్నారు. తొట్టె దగ్గరికెళ్ళి మాత్రం, మంగళవారం గది తెరిచి, మేత వేసి, మూత పెట్టి వచ్చారు. ఆ రోజు మంగళవారమే.