గాలమూ, నేనూ

తెలుగు పాఠాలు చెప్పుకుని బ్రతికేవాడికి గాలంతో పనేమిటని మా కళాశాల మిత్రులు వేళాకోళం చేస్తూంటారు. "ఉదయం ప్రబంధాలు, సాయంకాలం బొమ్మిడాయిలానండీ?" అని ఒకాయన ప్రశ్న. నవ్వి ఊరుకుంటాను. ఎమ్మే పట్టా నా చేతికి ఇరవైమూడో ఏట వచ్చింది; గాలం ఏడో ఏటనే వచ్చింది. ముందు వచ్చినదానికి పెద్దరికం ఇవ్వవద్దూ!

గురువు మా మేనమామ. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక గోదావరి నీళ్లు కాలువలై డెల్టా ఊళ్లలోకి వచ్చాయి కదా, అటువంటి కాలువ ఒకటి మా పెరటి వెనుకనే పారేది. వెదురుకర్ర, దారం, నెమలియీక కాడతో చేసిన బెండు, తడిమట్టిలో తవ్వితీసిన ఎర్రలు — ఇదీ మా సరంజామా. బెండు చిన్నగా అదిరితే పరిగె కొరుకుతున్నట్టు, గభాలున మునిగితే పెద్దదేదో మింగినట్టు. "తొందరపడ్డావా, ఎరా పోతుంది, చేపా పోతుంది" అనేవారాయన.

మరొకటి కూడా చెప్పారు. వానాకాలంలో కొర్రమీను పిల్లలు చేస్తుంది. ఆ పిల్లలు ఎర్రగా, గుంపుగా నీటిపైన తేలుతూంటాయి. క్రింద తల్లో తండ్రో కాపలా కాస్తుంది. ఆ గుంపులోకి కప్పపిల్లను గుచ్చి వేస్తే, పిల్లల మీదికి శత్రువు వచ్చిందని ఎగిరి కరుస్తుంది. అంత సులువైన వేట మరొకటి లేదు. "అందుకే అక్కడ వేయకూడదురా" అన్నారు మామయ్య.

నిరుడు వానాకాలంలో, ఆ వేళాకోళపు మిత్రుణ్ణి వెంటబెట్టుకుని కళాశాల దగ్గరి పల్లె చెరువుకు వెళ్లాను. మూడు గంటలు కూర్చున్నా బెండు అదరలేదు. ఆయన నవ్వు మొదలుపెట్టాడు. అంతలో తూటికాడల మధ్య ఎర్రని గుంపు కనిపించింది. పంతం కొద్దీ వేశాను. వేసీ వేయగానే పడింది. కిలోన్నర ఉంటుంది. ఆయన చప్పట్లు కొట్టాడు.

గట్టున గేదెను కడుగుతున్న కుర్రవాడు దగ్గరికి వచ్చాడు. మా డిగ్రీ మూడో ఏడు విద్యార్థే. ఆఖరి బెంచీ. రెండేళ్లలో ఒక్క ప్రశ్నకూ జవాబు చెప్పినవాడు కాడు.

"మాస్టారండీ, దానికి పిల్లలున్నాయండి" అన్నాడు.

అంతే. నా తల వాలిపోయింది. కొర్రమీను గాలి పీల్చే చేప, ఒడ్డున పడ్డా వెంటనే చావదు. కొక్కెం పెదవికే తగిలింది గనుక ఊడదీసి వదిలేశాను. తూటికాడలు కదిలాయి. చెదిరిన గుంపు కాసేపటికి మళ్లీ ఒకచోట చేరింది. క్రింద అది ఉన్నదా లేదా అని నేనూ కుర్రవాడూ చీకటిపడేదాకా చూస్తూ కూర్చున్నాం. తెలియలేదు.

ఇంటికి వచ్చాక ఖాళీబుట్ట చూసి మా ఆవిడ "ఏమీ పడలేదా?" అంది.

"చేప పడలేదు గాని, నేనే ఒక మాట పడ్డాను."

"ఎవరిచేత?"

"ఆఖరి బెంచీవాడిచేత. రెండేళ్లనుంచీ వాడు ఎప్పుడు నోరు విప్పుతాడా అని చూస్తున్నాను."