సూరారము నుండి సురభి కాలనీకి

భాగ్యనగరము నుండి నర్సాపురము బాట పట్టి ఉత్తరముగా పోవువారికి, జీడిమెట్ల కర్మాగారములను దాటిన పిమ్మట సూరారము వచ్చును. చెరువును, పొలములును, కట్టమైసమ్మ గుడియు గల పల్లె యొకప్పుడు. నేడు 2016లో ఏర్పడిన మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాలో చేరి, పల్లెయో పట్టణమో చెప్పరానంతగా పెరిగినది. జీడిమెట్ల పనులకై నలుదిక్కుల నుండి వచ్చినవారు ఇచ్చట కాపురములు పెట్టిరి. ఒకే వీధిలో ఒక యింట జొన్నరొట్టెల చప్పుడు, ఇంకొక యింట రాగిసంగటి ఆవిరి, ఆపై యింట హిందీ మాటలు. ఉదయమున మగవారు పనులకు పోయిన వెనుక వీధియంతయు స్త్రీలదే. పెండ్లిండ్లకు ఫంక్షన్ హాళ్లు ఎన్నియో కలవు గాని, సాయంకాలము వంట ముగించుకొని నడచిపోయి నాటకము చూచి వచ్చుటకు తగిన చోటు మాకొక్కటియు కానరాలేదు.

మాకు పరిచయమైన యొక వృద్ధురాలు ఇచ్చట కుమారుని యొద్ద నున్నది. కడప సీమ ఆమె పుట్టినిల్లు. చుట్టుప్రక్కల వారందరును ఆమెను అవ్వ యనియే పిలుతురు. మేమును అట్లే పిలుచుచున్నాము. ఆమెకు టెలివిజను మీద ఆసక్తి లేదు. ఆమె మనస్సంతయు చిన్ననాట తమ యూర గుడారము వేసి ఆడిన సురభి వారి హరిశ్చంద్ర నాటకము మీదనే. చంద్రమతి వేషము వేసిన నటి కాటిలో బిడ్డను ఒడి నుంచుకొని పద్యము పాడగా ఊరు ఊరంతయు ఏడ్చినదట. తెల్లవారి అవ్వ గుడారము ప్రక్కకు పోయి తొంగిచూచినదట. ఆ నటియే పొయ్యి ముందు కూర్చుండి, అదే బిడ్డకు పాలిచ్చుచు, అన్నము వార్చుచున్నదట. మరునాడు గుడారము ఎత్తిపోయినది.

"ఆమె మళ్లా వేషం కడితే చాలు తల్లీ, నన్ను చేతులమీద ఎత్తుకొనిపోయినా సరే, పోయి చూస్తాను," అనును అవ్వ. పేరు మాత్రము ఆమెకు తెలియదు. చంద్రమతి యనియే ఆమెకు పేరు.

ఈ మాట మమ్ము ఊరకుండనీయలేదు. సురభి వారి చరిత్రము సోదరీమణులలో ననేకులకు కొంత తెలిసినదే. తోలుబొమ్మలాట ఆడుచుండిన మహారాష్ట్ర మూలపు కుటుంబములు కడప జిల్లాలోని సురభి గ్రామమున 1885లో కీచకవధ నాటకమును ఆడుటతో ఈ సమాజము ఆరంభమైనది. వనారస గోవిందరావుగారు దానికి మూలపురుషులు. తక్కిన సమాజములలో పురుషులే స్త్రీ వేషములు ధరించుచుండిన దినములవి. స్థానం నరసింహారావుగారు సత్యభామగా తెరవెడలి వచ్చినచో స్త్రీలు సైతము ఆ నడకకు మురిసిపోయెడివారు. 1956లో వారికి పద్మశ్రీ బిరుదము వచ్చినది. అంతటి వారి ప్రతిభను తక్కువ చేయుట మా యుద్దేశము కాదు. కాని సురభి వారు తమ యింటి ఆడువారినే రంగమెక్కించిరి. తల్లి సీత, కూతురు లవుడు, మేనత్త కౌసల్య. పురుడు పోసుకొన్నది గుడారములోనే, పిల్లను పెంచినది తెర వెనుకనే. ఇల్లు వేరు, రంగము వేరు కాకపోవుట వలననే ఆ స్త్రీలు నటింపగలిగిరని మా యభిప్రాయము. ఇంట నొకరిని, రంగమున నొకరిని నిలుపవలసి వచ్చినచో ఆ కాలమున ఎంతమందికి సాధ్యమై యుండెడిది?

తెలంగాణమున చిందు భాగవతుల కుటుంబములందును ఇట్టిదే కలదు. 2005లో దివంగతురాలైన నిజామాబాదు జిల్లా చిందుల ఎల్లమ్మగారు స్త్రీ పాత్రలతో పాటు పురుష పాత్రలను గూడ ఆడి మెప్పించిన గొప్ప నటి.

సురభి వారిలో మిక్కిలి పేరు గన్నది కమలాబాయిగారు. ఆమె పుట్టుకయే యొక కథగా చెప్పుకొందురు. తల్లి నిండు చూలాలై దమయంతి వేషమున నుండగా రంగముమీదనే నొప్పులు వచ్చినవనియు, చూచువారు అదియు నటనమే యనుకొనిరనియు, తెర దించిన పిమ్మట పసిబిడ్డ యేడుపు వినబడినదనియు అందురు. అట్టి బిడ్డ చిన్ననాడే కృష్ణుడై, ప్రహ్లాదుడై రంగముమీద పాడినది. పిదప హెచ్.ఎం. రెడ్డిగారు తీసిన భక్తప్రహ్లాద, తెలుగు మాటలాడిన మొదటి చలనచిత్రము, 1932లో వెలువడినది. అందు లీలావతి కమలాబాయిగారే. అదే సంవత్సరమున పాదుకాపట్టాభిషేకము, శకుంతల యను చిత్రములలోను ఆమె నటించినది.

అప్పటినుండి రంగము ఆమెకై యెదురుచూచినది. గుడారములో విన్నవారు ఆమె మరల రంగముమీద పాడవలెనని కోరుట సహజమే. కాని చిత్రమేమనగా, ఆమె స్వరమును పదికాలములపాటు భద్రపరుచునని తలచిన యంత్రమే దానిని నిలుపలేకపోయినది. ఆ భక్తప్రహ్లాద చిత్రపు ప్రతి నేడు లభ్యము కాదు. గుడారమున పాడినది గాలిలో కలిసినది. బొంబాయిలో పట్టి యుంచినదియు పోయినది. నేటివారు ఆమెను చూడదలచినచో 1951 నాటి పాతాళభైరవిలో తోటరాముని తల్లిని చూడవచ్చును. రామారావుగారి మీదనే చూపు నిలిపి ఆ తల్లిని గమనింపనివారే ఎక్కువ. ఈమారు ఆమె మాట తీరును వినుడు. మైకు లేని కాలమున కడపటి వరుస వరకు మాటను పంపిన గొంతు అది.

అవ్వ చంద్రమతిని వెదకుటకై మేము ఒక ఆదివారము బయలుదేరితిమి. సూరారము నుండి గండిమైసమ్మ కూడలికి పోయి, బాచుపల్లి మీదుగా మియాపురము చేరి, చందానగరము దాటినచో లింగంపల్లి. బాచుపల్లి యొద్ద బండ్ల రద్దీలో చాల సేపు నిలిచిపోవలసి వచ్చినది; ఆ దుమ్మును గూర్చి వ్రాయుట వృథా. లింగంపల్లి ప్రాంతమున సురభి కుటుంబములకొక కాలనీ కలదు. ఊరూర తిరిగిన గుడారములు ఇచ్చట గోడలైనవి. ఒక యింటి వసారాలో చుట్టిన తెరలు నిలువుగా ఆనించి యున్నవి. దర్బారు, అడవి, రాజవీధి, అన్నియు రంగులు దిద్దిన బట్టలే. మాయాబజారులో వస్తువులు గాలిలో నడచుటకును, నారదుడు ఆకసమున దిగుటకును తీగెలను లాగు విద్య ఈ కుటుంబముల వారికి చేతి వాటము. 2013లో పద్మశ్రీ పొంది 2022లో దివంగతులైన రేకందార్ నాగేశ్వరరావుగారు, బాబ్జీగా అందరెరిగినవారు, ఈ విద్యను నిలుపుటకై జీవితమంతయు పాటుపడిరి.

అచ్చట మాతో మాటలాడిన యొక పెద్దామె తాను వేషములు మాని చాలకాలమైనదని చెప్పినది. గొంతు పోయినదా యని అడిగితిమి. ఆమె నవ్వి, గొంతున్నదనియు, గుడారము లేదనియు చెప్పినది. పూర్వము ఒక యూర నెలల తరబడి ఆడెడివారట. పిల్లలు, పొయ్యి, అన్నియు రంగము వెనుకనే. ఇప్పుడు ఒక సాయంకాలపు ఆటకు లారీనిండ తెరలు, పదులకొలది మనుషులు నగరము ఈ కొసనుండి ఆ కొసకు పోయి, అర్ధరాత్రికి తిరిగి రావలెను. ఇంట చంటిబిడ్డ యున్న కోడలు ఎట్లు పోవును? పోయి ఒక్క ఆట ఆడి వచ్చిన, ఆ డబ్బుతో నెల గడచునా? కావుననే కొందరు ఆడపిల్లలు ఉద్యోగములకు పోవుచున్నారు. నటి మరల రావలెనని కోరువారు ఆమె యేడ నిలిచి పాడవలెనో, ఆమె బిడ్డ నప్పుడు ఎవరెత్తుకొందురో అడిగినట్లు మేమెన్నడును వినలేదు.

అవ్వ కథ చెప్పి, ఆ చంద్రమతి యెవరై యుందురని అడిగితిమి. ఆమె వ్రేళ్లు మడచి లెక్కించినది.

"మా యింట చంద్రమతి వేసినవాళ్లం నలుగురం. మా అమ్మ, మా పెద్దమ్మ, మా వదిన, నేను. ఆమె ఎవరిని చూసిందో!" అని కొంచెము ఆలోచించి, "కాటి పద్యం చివర రాగం తీసేటప్పుడు కూర్చొని పాడిందా, లేచి నిలబడిందా? అడగమ్మా. కూర్చొని తీసిందంటే పెద్దమ్మే. మేమంతా నిలబడేవాళ్లం," అనినది. పెద్దమ్మ యిప్పుడు లేదు.

సూరారము తిరిగి వచ్చి అవ్వను అడిగితిమి. అవ్వ తడుముకొనలేదు. "కూర్చొనే. లేచే ఓపిక ఆ తల్లికి యాడిది, బిడ్డ పోయినాక?" అనినది. పెద్దమ్మ సంగతి చెప్పినప్పుడు కొంతసేపు కొంగుతో కన్నులద్దుకొని, పిదప, "మరి నీతో చెప్పినామె పాడుతుందా?" అని అడిగినది.

పాడునని చెప్పితిమి, మనుమరాలికి ఇంట నేర్పుచున్నదనియు, ఆ పిల్లకు అప్పుడే రెండు పద్యములు వచ్చెననియు చెప్పితిమి. రవీంద్రభారతిలో సురభి వారి ఆట యెప్పుడున్నను తెలుపుదుమని మాట యిచ్చితిమి. అవ్వ కోడలు మాత్రము రాత్రి సూరారమునకు తిరుగు బస్సు ఎన్ని గంటలకో ముందు కనుగొనుమన్నది.