ఓడిన మేడరాజు ఇంటి ఆడబిడ్డ

మంటకు కాస్త దగ్గరికి జరగండి. మా వీర్నపల్లి గుట్టల కింద చలికాలం చీకటి తొందరగా పడుతుంది, ఎనిమిది దాటిందంటే గాలి కోస్తుంది. 2016లో కొత్త జిల్లాలు వచ్చినప్పుడు ఎల్లారెడ్డిపేట నుంచి విడిపోయి మాది సొంత మండలమైంది. మండలం కొత్తదే గాని ఈ అడవి, ఈ తండాలు, నెగడి చుట్టూ సాగే ముచ్చట్లు పాతవి. ఇవాళ్టి ముచ్చట పోలాస మేడరాజుది.

పోలాస జగిత్యాల పక్కనే. ఇప్పుడు ఆ పేరు చెప్తే రైతులకు వ్యవసాయ పరిశోధన స్థానం గుర్తొస్తుంది, భక్తులకు పులస్తేశ్వరుని గుడి గుర్తొస్తుంది. ఎనిమిదిన్నర శతాబ్దాల కింద అది పొలవాస, ఒక రాజ్యానికి రాజధాని. దాన్ని ఏలినవాడు మేడరాజు. హనుమకొండ వేయిస్తంభాల గుడిలో కాకతి రుద్రదేవుడు 1163లో వేయించిన శాసనం ఉంది. సంస్కృతంలో, గంభీరంగా, తాను ఎవరెవరిని గెలిచాడో అందులో చెప్పించుకున్నాడు. దొమ్మరాజును గెలిచాడు, మేడరాజును గెలిచాడు, పొలవాస దేశాన్ని కలుపుకున్నాడు. మేడరాజు సంగతి రాతిమీద అంతటితో సరి. ఆయన ఏమన్నాడో, ఎటు పోయాడో, ఇంటి ఆడవాళ్లు ఏమయ్యారో ఆ రాతికి పట్టలేదు.

ఆ తర్వాతి కథంతా జనం నోట్లో ఉంది. వేటకు పోయిన మేడరాజుకు అడవిలో పులుల మధ్య ఆడుకుంటున్న పసిబిడ్డ కనిపించిందట. తెచ్చి పెంచుకున్నాడు. ఆ బిడ్డే సమ్మక్క. మేనల్లుడైన మేడారం పగిడిద్దరాజుకు ఇచ్చి పెళ్లి చేశాడు. సారక్క, నాగులమ్మ, జంపన్న వాళ్ల పిల్లలు. పొలవాస మీదికి కాకతీయ సైన్యం వస్తే మేడరాజు పారిపోయి అల్లుడి దగ్గర తలదాచుకున్నాడు. పైగా కరువు, కట్టడానికి కప్పం లేదు. యుద్ధం మేడారం దాకా వచ్చింది. సంపెంగవాగు ఒడ్డున ఒక్కొక్కరే ఒరిగిపోయారు. కొడుకు పడిన వాగుకు జంపన్నవాగని పేరు నిలిచింది. ఒంటినిండా దెబ్బలతో సమ్మక్క చిలకలగుట్ట వైపు నడిచి కనిపించకుండా పోయింది. వెతికితే పుట్ట దగ్గర కుంకుమ భరిణె దొరికింది.

లెక్క పట్టుకున్నవాళ్లు ఇక్కడ అడ్డుపడతారు. మేడారం జాతర కథలో వచ్చే రాజు ప్రతాపరుద్రుడు, ఆయన పాలన ముగిసింది 1323లో, మేడరాజు ఓడింది 1163కు ముందు, మరి వీళ్లిద్దరూ ఎట్లా కలిశారు అని. మంచి ప్రశ్నే. అయితే రుద్రదేవుణ్ని కూడా చరిత్ర పుస్తకాలు మొదటి ప్రతాపరుద్రుడనే అంటాయి. ఒకే పేరున్న ఇద్దరు రాజులు జనం జ్ఞాపకంలో ఒక్కరైపోయి ఉండొచ్చు. అప్పుడు తప్పినవి యేళ్లే. పొలవాస, మేడరాజు, దండెత్తిన కాకతి రాజు, ఈ మూడూ శాసనంలోనూ ఉన్నాయి, కథలోనూ ఉన్నాయి. చదువు రాని నోళ్ల మీద ఇంతకాలం నడిచొచ్చిన మాటకు ఈ పాటి మర్యాద ఇవ్వాలని నేను గట్టిగా అనుకుంటాను.

ఒకటి గమనించండి. గెలిచిన రుద్రదేవుడికి జాతర లేదు. వేయిస్తంభాల గుడికి శిల్పం చూడటానికి వెళ్తాం, ఆయన పేరుమీద కొబ్బరికాయ కొట్టేవాళ్లు లేరు. ఓడినవాడి పెంపుడు కూతురికి మాత్రం రెండేళ్లకోసారి మాఘ పున్నమికి కోటి మందికి పైగా కదులుతారు. నిలువెత్తు బెల్లం తూచి, దానికి బంగారమని పేరుపెట్టి సమర్పిస్తారు.

మా దిక్కు నుంచి మేడారం పోవాలంటే ముందు వేములవాడ రాజన్న దగ్గరికి పోవాలి, అది రివాజు. జాతర యేడు సంక్రాంతి దాటాక వేములవాడలో కాలు పెట్టే సందు ఉండదు. ధర్మగుండంలో మునిగి తడిబట్టలతో వరసలో నిలబడతారు. కోడెమొక్కు ఉన్నవాళ్ల చేతికి పలుపుతో సహా కోడెను ఇస్తారు. దాన్ని గుడి చుట్టూ నడిపించి కట్టెయ్యాలి. ఆ కోడెలు ఎన్ని వేల చేతులు మారినవో! ఇంటాయన పలుపు పట్టుకుంటాడు, వెనక ఇల్లాలు దాని వీపుమీద చెయ్యి వేసి నడుస్తుంది, చంకలోని పిల్ల వంగి దాని మూపురం తాకుతుంది. ముడి వేసేటప్పుడు ఇంటిల్లిపాదీ ఆ పలుపును పట్టుకుంటారు, నీళ్లు నిండిన కళ్లతో. పంట పండాలనీ, గల్ఫ్ పోయిన కొడుకు క్షేమంగా రావాలనీ, కడుపు పండాలనీ అంతా ఆ ముడిలోనే. అదే గుడి ఆవరణలో దర్గా ఉంది. రాజన్న భక్తుడైన ఒక ముస్లిం అక్కడే శివుడిలో కలిశాడని చెప్తారు. దర్శనమయ్యాక అక్కడా మొక్కి బయటికి వస్తారు, ఇదేమిటని ఎవరూ ఎవర్నీ అడగరు.

వేములవాడ ఒకప్పుడు చాళుక్య రాజధాని. ఆ వంశంలో బద్దెగుడనే రాజు నలభై రెండు యుద్ధాల్లో ఓటమి ఎరగనివాడు. రెండో అరికేసరి కొలువులో పంపకవి ఉండేవాడు, కన్నడిగులు ఆదికవిగా కొలిచే పంపడు. విక్రమార్జున విజయం రాసింది ఆ కొలువులోనే. ఆయన తమ్ముడు జినవల్లభుడు గంగాధర దగ్గరి కురిక్యాలలో, బొమ్మలగుట్ట మీద జైన తీర్థంకరుల బొమ్మలు, చక్రేశ్వరి బొమ్మ చెక్కించి కింద శాసనం వేయించాడు. సంస్కృతం, కన్నడం, తెలుగు మూడూ ఆ ఒక్క బండమీద ఉన్నాయి. క్రీ.శ. 945 ప్రాంతానిది. అందులో మూడు కంద పద్యాలు తెలుగువి, మనకు దొరికిన కందాల్లో అన్నిటికన్నా పాతవిగా పండితులు లెక్కిస్తారు. నన్నయ భారతం మొదలుపెట్టడానికి సుమారు నూరేళ్ల ముందు మా జిల్లాల్లో కందం నడక కుదిరింది. కన్నడిగుల ఆదికవి వంశం వివరాలు చెప్పింది కూడా ఆ రాయే. బడిపిల్లల్ని బస్సు కట్టించి అక్కడికి తీసుకుపోని సంవత్సరం ఉండకూడదు.

రాయి చెప్పని కథ ఒకటి బతుకమ్మ గురించి ఉంది. చోళులు దండెత్తి వచ్చి వేములవాడ భీమేశ్వరాలయంలోని పెద్ద శివలింగాన్ని పెకలించి తంజావూరు తీసుకుపోయారట. అమ్మవారు ఒంటరిగా మిగిలిపోయింది. ఆ దుఃఖంలో జనం పూలను గుడి గోపురంలా పేర్చి, చుట్టూ తిరిగి పాడి, గౌరమ్మను ఓదార్చారట. బతుకమ్మకు ఇదే మొదలని రుజువు చెయ్యడం కష్టం. ఈ పండుగకు ధర్మాంగద రాజు కూతురి కథ ఉంది, ఇంకా వేరే కథలున్నాయి. కాని చప్పట్లతో గుండ్రంగా తిరిగే ఆ పాటల్లోని దిగులు విన్నప్పుడల్లా ఈ వేములవాడ కథే నాకు దగ్గరగా తోస్తుంది. ఎంత రంగురంగుల పండుగైనా గొంతులో ఒక జీర ఉంటుంది కదా.

అన్నట్టు, వేములవాడలో సద్దుల బతుకమ్మ ఏడో రోజుకే ఆడతారు. రాష్ట్రమంతా తొమ్మిదో రోజున. అత్తగారి ఊళ్లో ఏడో నాడు ఆడుకున్న కోడలు తొమ్మిదో నాటికి తల్లిగారింట్లో ఉండొచ్చని పెద్దవాళ్లు చెప్పే కారణం. మా బాపమ్మ ఇది చెప్పి, "రెండు దిక్కుల ఆడినోళ్లకు పుణ్యం గూడ రెండింతలే బిడ్డా" అనేది. తంగేడు, గునుగు ఏరడానికి మా అడవి అంచుకు సిరిసిల్ల నుంచి కూడా వచ్చేవాళ్లు.

సిరిసిల్ల అనగానే మీకు సాంచాల చప్పుడు వినిపిస్తుంది, అగ్గిపెట్టెలో పట్టే చీర నేసిన నల్ల పరంధాములు గుర్తొస్తాడు. నాకు కూనపులి వాళ్ల పటం కూడా గుర్తొస్తుంది. పద్మశాలీలకు ఒక పురాణముంది. మార్కండేయుని వంశంలో భావనారుషి పుట్టి, తామర తూడుల నుంచి దారం తీసి దేవతలకు బట్టలు నేశాడు. ఆ పురాణం చెప్పే హక్కు కూనపులి వాళ్లది. మడేలు పురాణం చెప్పేవాళ్లు చాకలివాళ్లకున్నారు, గౌడులకు గౌడజెట్టీలున్నారు, మాదిగల జాంబపురాణానికి డక్కలివాళ్లున్నారు, ముదిరాజులకు కాకిపడగలవాళ్లు. ఏ ఊళ్లు ఏ ఇంటివో మిరాశి హక్కు ఉండేది, అన్నదమ్ములు పంచుకునేవాళ్లు. ఊరు వాళ్లకు కట్టేదాని పేరు త్యాగం.

పటం దగ్గరి నుంచి చూశారా ఎప్పుడైనా? ఖద్దరు బట్ట. గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, జిగురు కలిపి పూసి ఆరబెడతారు. దానిమీద చేర్యాల నకాషీలు ఉడుత వెంట్రుకల కుంచెతో గీస్తారు. బొమ్మల వెనక అంతా ఎర్రరంగు. రెండు గుంజలకు కట్టి పైనుంచి కిందికి చుట్ట విప్పుకుంటూ పోతే కథ అడ్డవరసల్లో దిగుతుంది. పెద్దాయన పుల్లతో బొమ్మను ముట్టి పద్యం ఎత్తుకుంటాడు, వెనకవాళ్లు తాళంతో అందుకుంటారు. ఆ పుల్ల ఒక్కో బొమ్మ మీద ఎంతసేపు ఆగాలో ఆయన ఇష్టం. ఎదురుగా కూర్చున్న ముసలమ్మ కళ్లు చూసి భావనారుషి భార్య భద్రావతి బొమ్మ దగ్గర ఇంకాసేపు ఆగుతాడు. పటం చిరిగి పాతబడితే చెత్తలో వెయ్యరు. మనిషి పోతే చేసినట్టు తంతు చేసి ఏటిలో కలుపుతారు.

కురుమల ఒగ్గుకథ దీనికి వేరే తీరు. బొమ్మ లేదు, మనిషే బొమ్మ. మల్లన్న, బీరప్ప, ఎల్లమ్మ కథలు. ప్రధాన కథకుడు గొంగడి భుజాన వేసుకుంటే రాజు, కొంగులా కప్పుకుంటే రాణి. డోలు మోతకు పొట్టలో వణుకు పుడుతుంది. వేములవాడ పక్కన హనుమాజిపేట అని చిన్న ఊరు. విశ్వంభర కావ్యానికి 1988 జ్ఞానపీఠం పొందిన సి. నారాయణరెడ్డి 1931లో పుట్టింది అక్కడ. ఒగ్గుకథలో ఎంతో పేరు తెచ్చుకున్న మిద్దె రాములుదీ అదే ఊరు. సినారె చిన్నప్పుడు విన్నవి హరికథలు, జానపదాలు, జంగం కథలు. ఆ చెవికి పడిన లయ గజల్ దాకా, సినిమా పాట దాకా వెంట వచ్చింది. ఒక ఊరి మట్టి ఇద్దరికి పెట్టిన బువ్వ ఇది.

ఇట్లాంటి నోటిమాటను కాగితం మీద పెట్టిన తీరు చూడటానికి ఇప్పుడు కొంచెం దూరం పోదాం. కోరుట్ల, జగిత్యాల పిల్లలు డాలస్‌లో, అట్లాంటాలో కాపురాలు పెట్టారు కదా, ఆ దక్షిణాది అమెరికా రాష్ట్రాలకు. అక్కడ ఫ్లారిడాలో ఈటన్‌విల్ అనే నల్లవాళ్ల ఊరు. జోరా నీల్ హర్‌స్టన్ అనే రచయిత్రి అక్కడ పెరిగింది. న్యూయార్క్‌లో మానవశాస్త్రం చదివి, తన ఊళ్లో అంగడి అరుగుమీద కూర్చొని పెద్దవాళ్లు చెప్పుకునే కథలు సేకరించడానికి తిరిగి వెళ్లింది. 1935లో మ్యూల్స్ అండ్ మెన్ పేరుతో పుస్తకం వేసింది. ఆ కాలంలోనే, మాంద్యంలో పని లేని రచయితలకు ప్రభుత్వం జీతమిచ్చి ఊళ్ల మీదికి పంపింది. రాష్ట్రానికొక పుస్తకం రాయించింది. 1936 నుంచి 1938 దాకా ఒకప్పుడు బానిసలుగా బతికినవాళ్లను వెతికి రెండు వేలకు పైగా మందితో మాట్లాడించి రాసుకున్నారు. అప్పటికి వాళ్లంతా ముదుసళ్లు. అడిగినవాళ్లలో ఎక్కువమంది తెల్లవాళ్లు కావడంతో మనసులో మాట అంతా బయటపడలేదని చరిత్రకారులు అంటారు. అయినా ఆ కాగితాలు లేకుంటే దొరల లెక్కల పుస్తకాలే చరిత్ర అయ్యేవి.

మనకు బిరుదురాజు రామరాజు ఉన్నాడు. ఉస్మానియాలో జానపద గేయాల మీద పరిశోధన చేసి ఆ దారి వేసింది ఆయనే. జయధీర్ తిరుమలరావు వాద్యాలు, తాళపత్రాలు వెతుకుతూ ఊరూరా తిరిగాడు. పాటలు కొంత దక్కాయి. వెట్టి చేసినవాళ్ల నోటిమాట మాత్రం ఇంటింటా తిరిగి రాసుకున్నవాళ్లు తక్కువ. మా దిక్కు దొరల గడీలు ఇంకా నిలబడి ఉన్నాయి, కొన్ని కూలిపోయి, కొన్ని బడులై. ఆ గడి ముందు చెప్పులు చేతబట్టుకుని నడిచినవాళ్ల మాట ఎక్కడుంది? 1978 సెప్టెంబరులో దొరలకు ఎదురుతిరిగి జగిత్యాల జైత్రయాత్రకు చుట్టుపక్కల ఊళ్ల కూలీలు, రైతులు వేలల్లో కదిలారు. కొద్ది వారాలకే జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. ఆ తర్వాతి ఏళ్లు మా అడవి అంచు పల్లెలకు, తండాలకు ఎంత బరువో చెప్పాలంటే ఇంకో రాత్రి కావాలి. ఆ రోజు ఇరవై ఏళ్ల వయసులో నడిచినవాళ్లకు ఇప్పుడు డెబ్బై దగ్గర పడింది. పోలీసు రికార్డు ఉంది, పత్రికల కట్టలున్నాయి. ఆ ఉదయం ఇంట్లో ఏం తిని బయల్దేరారు, సద్ది ఎవరు కట్టిచ్చారు, ఏ పాట పాడుకుంటూ పోయారు, తిరిగొచ్చాక దొర ఎదురుపడితే తల ఎత్తి చూశారా అనేది వాళ్లే చెప్పాలి.

అందుకే అడగమంటున్నాను. మీ చేతిలో ఫోనుంది, రికార్డు చేసే మీట ఉంది. సంక్రాంతి సెలవులకు ఊరొస్తారు కదా. తాత పక్కన కూర్చొని పేరు, ఊరు, పుట్టిన యేడుతో మొదలుపెట్టండి. మధ్యలో సరిదిద్దొద్దు, యేళ్లు తప్పినా తప్పనివ్వండి. మేడరాజు కథలో యేళ్లు తప్పాయి, మనుషులు తప్పలేదు. మా తండాల్లో అయితే లంబాడా బాపులను సేవాలాల్ మహరాజ్ కథ అడగండి, గోర్ బోలీలోనే చెప్పనివ్వండి. శ్రావణంలో తీజ్ బుట్టలో గోధుమ మొలకలకు నీళ్లు పోసే తొమ్మిది రోజులూ ఆడపిల్లలు పాడేవి వేరే ఉన్నాయి, వాటికోసం వాళ్ల పెద్దమ్మలనే పట్టుకోవాలి. వీర్నపల్లికి వస్తే ఎవరింటికి పోవాలో నేను చూపిస్తాను.