గాలిబండ మీద నాయన

మా లండన్ టీమ్‌లో ఒకాయన ఏటా సెలవు పెట్టి స్పెయిన్‌లోని బెనిడోర్మ్ బీచ్‌కి పోతాడు. ఒకప్పుడు అది చేపలు పట్టుకునేవాళ్ల ఊరు. ఇప్పుడు సముద్రం వెంబడి అన్నీ ఎత్తైన హోటళ్లే. "అంత దూరం ఎందుకు?" అని కాల్‌లో అడిగితే "ఎండ కోసం" అన్నాడు. మే నెల, తిరుపతి, పైగా కరెంటు లేదు. నాకు నవ్వాగలేదు.

మా వైపు వచ్చిన ఇంగ్లిష్ దొర మాత్రం ఎండకి తట్టుకోలేక కొండెక్కాడు. ఆయన కడప కలెక్టర్ డబ్ల్యూ.డి. హార్స్‌లీ. మదనపల్లె అప్పట్లో కడప జిల్లాలోనే ఉండేది. చిత్తూరు జిల్లా ఏర్పడింది 1911లో. చల్లగా ఉందని ఆయన పైన బంగళా కట్టుకున్నాడు, కొండకి ఆయన పేరే పడిపోయింది. అసలు పేరు ఏనుగు మల్లమ్మ కొండ. మల్లమ్మ అనే పిల్లని ఏనుగులు సాకాయని, ఆమె ఇక్కడి చెంచులకి వైద్యం చేసేదని కథ. గుడి ఇప్పటికీ ఉంది.

ఆ శనివారం నాయనని కారెక్కించుకుని బయల్దేరా. పీలేరు, వాయల్పాడు, మదనపల్లె, అక్కడి నుంచి ఇంకో 30 కిలోమీటర్లు. ఆ దారి నాయనకి కొత్త కాదు. ఆర్టీసీలో డ్రైవర్‌గా ఆ ఘాట్‌లో ఏళ్ల తరబడి బస్సు నడిపాడు. ఇప్పుడు రిటైరయ్యాడు, మోకాళ్ల నొప్పులు. పక్క సీట్లో కూర్చుని ప్రతి మలుపుకీ కుడికాలు బ్రేక్ తొక్కుతా ఉన్నాడు.

పైన చల్లగాలి. వెయ్యి మీటర్లు ఎక్కితే సుమారు 6 డిగ్రీలు తగ్గుతుంది. ఈ కొండ 4,000 అడుగుల పైనే. నీలగిరి చెట్ల వాసన. ఈ చెట్ల సొంతూరు ఆస్ట్రేలియా, వీటినీ ఇక్కడికి తెచ్చింది ఆ దొరల కాలమే.

రూమ్ తాళం చేతికివ్వగానే నాయన ఇబ్బంది పడ్డాడు. "సాయంత్రానికి దిగిపోదాం రా. దుడ్లు దండగ."

"పొద్దున దాకా ఉంటాం నాయనా. కట్టేసినా."

సాయంత్రం గాలిబండ మీదికి చెయ్యి పట్టుకుని తీసుకుపోయా. పేరుకి తగ్గట్టే గాలి తోసేస్తోంది. కింద లోయ, చెరువులు, అగ్గిపెట్టెల్లా ఊళ్లు. నాయన చాలాసేపు మాట్లాడలేదు.

"ఇన్ని తూర్లు వచ్చావు కదా, చూళ్లేదా?"

"బండి తిప్పుకునేది, టీ తాగేది, దిగేది. ఘాట్‌లో లోయకల్లా చూస్తే అయిపోతామురా. వెనకాల యాభై మంది."

నాకు ఏం చెప్పాలో తెలియలేదు. నా బీటెక్ ఫీజులు కట్టింది ఆ లోయ వైపు చూడకుండా తిప్పిన స్టీరింగే. చిన్నప్పుడు మా ఇంట్లో సెలవంటే నాయన నిద్రపోయే రోజు, అంతే.

కింద మలుపులో ఒక బస్సు హారన్ కొట్టింది. నాయన టక్కున అటు తిరిగాడు. "సెకండ్ గేర్‌లో వస్తా ఉండాడు. మంచి డ్రైవరే" అని, మళ్లీ లోయ వైపు తిరిగాడు.

చీకటి పడుతుంటే "పోదామా?" అన్నా.

"ఉండరా, దీపాలు వెలిగేది చూసి పోదాం. ఈ తూరి మీ అమ్మని కూడా పిల్చకరావాల."