ఏనుగు మల్లమ్మ కొండమీద పిగిలిపిట్ట

విహారయాత్ర అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేవి బస్సులో పాటలు, పులిహోర పొట్లాలు, గ్రూపు ఫోటోలు. అవీ ఉండవలసినవే. కాని అడవిని చూడాలంటే మాత్రం తయారీ వేరు. అది ఈ ఏడాది మార్చిలో హార్స్‌లీ హిల్స్‌లో మాకు బాగా తెలిసివచ్చింది.

మదనపల్లెకు సుమారు 30 కిలోమీటర్ల దూరంలో, నాలుగువేల అడుగులకు పైబడిన ఎత్తులో ఉన్న ఈ విడిది అసలు పేరు ఏనుగు మల్లమ్మ కొండ. మల్లమ్మ అనే పిల్లను ఏనుగులు సాకాయని అక్కడి కథ. 19వ శతాబ్దంలో కడప కలెక్టరుగా చేసిన హార్స్‌లీ దొర వేసవికని పైన బంగళా కట్టించుకున్నాడు. ఆయన పేరే కొండకు నిలిచిపోయింది.

జంతుశాస్త్రం మాస్టారి వెంట మేము పద్నాలుగుమందిమి. తెల్లవారకముందే బయల్దేరాం. మాస్టారి షరతులు మూడు: ముదురు రంగుల చొక్కాలు వద్దు, సెల్‌ఫోన్లు మోగకూడదు, ఏం చెప్పాలన్నా సైగలతోనే చెప్పాలి. మా వాలకం చూసి టీకొట్టు తాత నవ్వాడు.

"ఏం నాయనా, పులి కోసమా? పులీ లేదు, గిలీ లేదు. ఎలుగ్గొడ్డు ఉండాది. అది మీ కంటబడదులే, మీరే దాని కంటబడతారు!"

ఆయన అన్నట్టే అయింది. ఎలుగు కనిపించలేదు గాని, బాట పక్కన చెదపుట్టను గోళ్లతో చీల్చిన గుర్తులు తాజాగా ఉన్నాయి. పుట్టకు కన్నం చేసి, మూతి ఆనించి చెదల్ని పీల్చేస్తుందట. దిగువన మోదుగలు ఆకు రాల్చి ఒళ్లంతా పూలతో ఎర్రగా నిలబడ్డాయి. ఆ పూలతేనె కోసం గోరింకలు, తేనెపిట్టలు ఒకటే కొట్లాట. ఆకు పలచబడే ఈ రోజుల్లోనే పిట్టలు బాగా కనిపిస్తాయి.

బండసందులో మొలిచిన జువ్విచెట్టు దగ్గర మాస్టారు చెయ్యెత్తారు. అందరం కూర్చుండిపోయాం. పది నిమిషాలు, ఇరవై నిమిషాలు... పండ్లమధ్య బూడిదరంగు పిట్ట ఒకటి కదిలింది. తలా గొంతూ పసుపు పూసినట్టున్నాయి. పసుపుగొంతు పిగిలి! మన పెరళ్లలో తిరిగే పిగిలిపిట్టకు దాయాది. దక్షిణాది రాతికొండల్లో తప్ప ప్రపంచంలో మరెక్కడా లేదు. ముప్పున్న జాతుల అంతర్జాతీయ పట్టికలో ఉంది. కారణాలు మాస్టారు గుసగుసగా చెప్పారు: పొదలు కొట్టడం, కార్చిచ్చులు, రాతిక్వారీలు.

క్వారీ అన్న మాట దగ్గర నా మనసు ఆగిపోయింది. మా నాన్న ఇరవైఏళ్లుగా గ్రానైటు క్వారీలో పనిచేస్తున్నాడు. నా హాస్టలు మెస్సుబిల్లు ఆ రాతిలోంచే వస్తుంది. ఈ పిట్ట పక్షాన మాట్లాడితే ఎవరి నోటికాడ కూడు లాగినట్టు? కొండ దిగేటప్పుడు మాస్టారిని ఆ మాటే అడిగాను.

"కొండలన్నీ ఒకటి కావురా. ఏ కొండమీద ఏముందో రాసిపెట్టుకుంటే, దేన్ని ముట్టుకోకూడదో చెప్పగలం. లెక్కే లేకపోతే అన్నీ వట్టి రాళ్లే" అన్నారు.

ఉగాదికి ఇంటికెళ్లినప్పుడు నాన్నకు ఫోటో చూపించాను. చాలాసేపు చూశాడు. "మా గుట్ట అవతలి పక్క, ఇంకా తవ్వని తావులో పొద్దున్నే ఒకటి అరస్తా ఉంటాది. అదేనేమో మరి" అన్నాడు. ఔనో కాదో చూడాలి. ఈ సెలవుల్లో తెల్లవారుజామున ఇద్దరం కలిసి అటు వెళ్లాలని అనుకున్నాం.

మిత్రులారా! మన కాలేజీలో గుట్టపక్క ఊళ్లవాళ్లు చాలామందే ఉన్నారు. హార్స్‌లీ హిల్స్ దాకా రాలేకపోయినా ఫరవాలేదు. ఒక నోటుపుస్తకం, వసంతకాలపు ఉదయం రెండు గంటలు, కాస్త మౌనం ఉంటే చాలు. మీ ఊరి గుట్టమీద ఏమేం ఉన్నాయో రాసి తీసుకురండి. వచ్చే ఏడాది సంచికలో అన్నీ కలిపి వేద్దాం.